స్టెఫీ గ్రాఫ్ - ఆటా, లెక్కా

బంతి కనిపిస్తే ఊరుకునే పిల్లలు ఉండరు. గోడకేసి కొడతారు. తిరిగి వస్తే మళ్లీ కొడతారు. జర్మనీ దేశంలో ఒక పాప కూడా ఇట్లాగే బంతితో ఆట మొదలుపెట్టింది. ఆ పాప పెద్దయ్యాక ఆడవాళ్ల టెన్నిస్ ఆటలో ప్రపంచంలోనే మొదటి స్థానానికి చేరింది. మొత్తం 377 వారాలు ఆ స్థానంలో ఉంది. అంటే ఏడేళ్లకు పైనే. ఆమె పేరు స్టెఫీ గ్రాఫ్.

స్టెఫీ ఆట గురించి చాలామందికి తెలుసు. ఆమె ఇంట్లో వచ్చిన లెక్కల గొడవ గురించి తెలిసినవాళ్లు తక్కువ. రెండూ తెలుసుకోదగ్గవే.

ఇంటి గదిలో ఆట

స్టెఫీ 1969 జూన్ 14న మన్‌హైమ్ అనే పట్నంలో పుట్టింది. ఆ దగ్గరలోనే బ్రూల్ అనే చిన్న ఊళ్లో పెరిగింది. అప్పట్లో జర్మనీ రెండు ముక్కలుగా ఉండేది. స్టెఫీ వాళ్లది పశ్చిమ జర్మనీ. 1990లో ఆ రెండూ కలిసి ఒకే దేశం అయ్యాయి.

తండ్రి పేరు పీటర్ గ్రాఫ్. కార్లు అమ్మేవాడు. బీమా పాలసీలు కట్టించేవాడు. టెన్నిస్ కూడా నేర్పేవాడు. తల్లి పేరు హైడి. స్టెఫీకి ఒక తమ్ముడు ఉన్నాడు.

నాన్న ఆడుతుంటే చిన్నారి స్టెఫీ తనూ ఆడతానని పేచీ పెట్టేది. పెద్దవాళ్ల రాకెట్ ఆ చేతికి ఆగదు. తండ్రి ఒక చెక్క రాకెట్ తీసుకుని దాని పిడి కోసి పొట్టిగా చేశాడు. ఇంటి గదిలోనే ఇద్దరూ అటొకరు ఇటొకరు నిలబడి ఆడేవాళ్లు.

తండ్రి ఒక పందెం పెట్టాడు. బంతిని ఆపకుండా వరసగా 25 సార్లు కొట్టాలి. కొడితే ఐస్‌క్రీమ్ ఇస్తాడు. స్టెఫీ పట్టుదలగా ఆడేది. 23, 24 దాకా వచ్చేది. 25వ బంతిని మాత్రం తండ్రి గట్టిగా కొట్టేవాడు. ఆ పాపకు అందేది కాదు. రోజూ ఐస్‌క్రీమ్ పెట్టలేం కదా అని ఆయన తరవాత నవ్వుతూ చెప్పుకున్నాడు. ఐస్‌క్రీమ్ దొరికినా దొరక్కపోయినా ఆ పాపకు ఒకటి అలవాటైంది. చివరి బంతి దాకా వదలకూడదు.

కూతురిలో సత్తా ఉందని తండ్రికి అర్థమైంది. తన ఉద్యోగం మానేసి పూర్తిగా ఆమె ఆట మీదే దృష్టి పెట్టాడు.

టెన్నిస్ ఎట్లా ఆడతారు?

టెన్నిస్ ఆడే చోటును కోర్టు అంటారు. దాని పొడవు 78 అడుగులు. ఒక్కొక్కరు ఆడేటప్పుడు వెడల్పు 27 అడుగులు. మధ్యలో అడ్డంగా వల కడతారు. దాన్ని నెట్ అంటారు. నెట్ ఎత్తు మధ్యలో 3 అడుగులు. చేతిలో ఉండే బ్యాటును రాకెట్ అంటారు. దానికి తీగలు అల్లి ఉంటాయి.

బంతి మన వైపు వచ్చి ఒక్కసారి నేల మీద పడవచ్చు. రెండోసారి పడేలోపు దాన్ని నెట్ మీదుగా అవతలి వైపుకు కొట్టాలి. గీతల లోపలే పడాలి. పడకపోతే పాయింటు ఎదుటివాళ్లకు పోతుంది.

పాయింట్ల లెక్క కొంచెం వింతగా ఉంటుంది. మొదటి పాయింటుకు 15. రెండోదానికి 30. మూడోదానికి 40. ఆ తరవాతిది గెలిస్తే ఒక గేమ్ అవుతుంది. ఇద్దరూ 40 దగ్గర సమానంగా ఉంటే మాత్రం వరసగా రెండు పాయింట్లు గెలవాలి. ఆరు గేమ్‌లు గెలిస్తే ఒక సెట్. అయితే సాధారణంగా ఎదుటివాళ్ల కంటే కనీసం రెండు గేమ్‌లు ఎక్కువ ఉండాలి. ఆడవాళ్ల ఆటలో ముందుగా రెండు సెట్లు గెలిచినవాళ్లదే గెలుపు.

ప్రపంచంలో నాలుగు పెద్ద టెన్నిస్ పోటీలు ఉన్నాయి. వాటిని గ్రాండ్‌స్లామ్ పోటీలు అంటారు. ఒకటి ఆస్ట్రేలియాలో. ఒకటి ఫ్రాన్స్‌లో. అక్కడ ఎర్రటి ఇటుకపొడి చల్లిన నేల మీద ఆడతారు. ఒకటి ఇంగ్లాండ్‌లోని వింబుల్డన్‌లో. అక్కడ పచ్చగడ్డి మీద ఆడతారు. నాలుగోది అమెరికాలో. ఈ నాలుగూ ఏటా జరుగుతాయి.

టెన్నిస్‌లో ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. కోర్టులోకి దిగాక ఆటగాళ్లు ఒంటరివాళ్లే. స్టెఫీ ఆడిన రోజుల్లో ఆట నేర్పినవాళ్లు కూడా పైనుంచి సలహా చెప్పకూడదు. ఈ నియమాన్ని ఈమధ్యే కొంత సడలించారు. అప్పట్లో మాత్రం తప్పు చేస్తే తనే దిద్దుకోవాలి. భయం వేస్తే తనే ధైర్యం తెచ్చుకోవాలి.

మూడున్నరేళ్ల ఎదురుచూపు

1982 అక్టోబరులో స్టెఫీ డబ్బు బహుమతులు ఇచ్చే పెద్ద పోటీల్లోకి దిగింది. అప్పటికి ఆమెకు 13 ఏళ్లు. మొదటి ఆటలోనే ఓడిపోయింది. అమెరికా క్రీడాకారిణి ట్రేసీ ఆస్టిన్ ఆమెను ఓడించింది. రెండో సెట్‌లో స్టెఫీకి ఒక్క గేమ్ కూడా రాలేదు.

ఆ తరవాత మూడున్నరేళ్లు ఆమె ఒక్క పెద్ద పోటీ కూడా గెలవలేదు. అయినా సాధన మానలేదు. 1986 ఏప్రిల్‌లో అమెరికాలో జరిగిన ఒక పోటీలో క్రిస్ ఎవర్ట్‌ను ఓడించింది. ఎవర్ట్ అప్పటికే ఎంతో పేరున్న క్రీడాకారిణి. స్టెఫీకి అదే మొదటి గెలుపు కప్పు.

స్టెఫీకి రెండు బలాలు ఉండేవి. ఒకటి కాళ్లు. బంతి ఏ మూల పడినా అక్కడికి చేరేది. రెండోది కుడిచేత్తో కొట్టే దెబ్బ. దాన్ని ఫోర్‌హ్యాండ్ అంటారు. ఆ దెబ్బకు బంతి తుపాకీ గుండులా దూసుకుపోయేది.

1987లో ఫ్రాన్స్ పోటీలో మార్టినా నవ్రతిలోవాను ఓడించింది. అది ఆమెకు మొదటి గ్రాండ్‌స్లామ్. ఆ ఏడాది ఆగస్టు 17న ప్రపంచంలో నంబర్ వన్ అయింది. ఆ ఏడాది మొత్తం మీద 75 ఆటలు గెలిచింది. రెండే ఓడింది. ఆ రెండూ నవ్రతిలోవా చేతిలోనే.

బంగారు ఏడాది

1988 వచ్చింది. జనవరిలో ఆస్ట్రేలియా పోటీ గెలిచింది. ఫ్రాన్స్ పోటీ చివరి ఆటలో నటాషా జ్వెరెవాను 6-0, 6-0తో ఓడించింది. ఎదుటి అమ్మాయికి ఒక్క గేమ్ కూడా దక్కలేదు. ఆట అరగంట పైన కాస్సేపటికే అయిపోయింది.

తరవాత వింబుల్డన్. అక్కడ నవ్రతిలోవా అంతకుముందు వరసగా ఆరేళ్లు గెలిచి ఉంది. మొదటి సెట్ స్టెఫీ ఓడిపోయింది. తరవాత రెండు సెట్లూ గెలిచింది. సెప్టెంబరులో అమెరికా పోటీలో గాబ్రియేలా సబాటినీని ఓడించింది. ఒకే ఏడాదిలో నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ ఆమెవే అయ్యాయి.

అదే ఏడాది దక్షిణ కొరియాలోని సోల్ నగరంలో ఒలింపిక్ క్రీడలు జరిగాయి. 64 ఏళ్ల తరవాత టెన్నిస్‌కు మళ్లీ ఒలింపిక్ పతకాలు ఇచ్చింది అప్పుడే. అక్టోబరు 1న స్టెఫీ మళ్లీ సబాటినీనే ఓడించి బంగారు పతకం అందుకుంది. ఒకే ఏడాదిలో నాలుగు గ్రాండ్‌స్లామ్‌లు, ఒలింపిక్ బంగారం గెలిస్తే దాన్ని గోల్డెన్ స్లామ్ అంటారు. దాన్ని సాధించిన మొదటి మనిషి స్టెఫీ. ఆ తరవాత 2021లో చక్రాల కుర్చీలో కూర్చుని ఆడే టెన్నిస్‌లో ఇద్దరు దీన్ని సాధించారు. నెదర్లాండ్స్‌కు చెందిన డీడె డి గ్రూట్, ఆస్ట్రేలియాకు చెందిన డిలన్ ఆల్కాట్.

అప్పుడు స్టెఫీకి 19 ఏళ్లు.

సెలెస్ మీద కత్తిపోటు

తరవాత యుగోస్లావియా నుంచి మోనికా సెలెస్ అనే అమ్మాయి వచ్చింది. స్టెఫీ కంటే నాలుగేళ్లు చిన్నది. రెండు చేతులతో రాకెట్ పట్టుకుని గట్టిగా కొట్టేది. 1991 మార్చిలో స్టెఫీ దగ్గర నుంచి నంబర్ వన్ స్థానం తీసుకుంది. పెద్ద పోటీల్లో స్టెఫీని ఓడించింది.

1993 ఏప్రిల్ 30న జర్మనీలోని హాంబర్గ్ నగరంలో సెలెస్ ఆడుతోంది. ఆట మధ్య విరామంలో కుర్చీలో కూర్చుంది. వెనక నుంచి ఒకడు వచ్చి ఆమె వీపులో కత్తితో పొడిచాడు. వాడు స్టెఫీ ఆట మీద పిచ్చి అభిమానం ఉన్నవాడు. స్టెఫీ మళ్లీ నంబర్ వన్ కావాలని ఆ పని చేశాడు. సెలెస్ ప్రాణం దక్కింది. కానీ మనసుకు తగిలిన దెబ్బ మానలేదు. రెండేళ్లకు పైగా ఆటకు దూరమైంది.

స్టెఫీ ఆసుపత్రికి వెళ్లి సెలెస్‌ను చూసి వచ్చింది. ఈ నేరంలో స్టెఫీ తప్పు ఏమీ లేదు. అయినా ఆ తరవాత ఆమె గెలిచినప్పుడల్లా జనం ఒక మాట అనేవాళ్లు. సెలెస్ ఉంటే ఈమె గెలిచేదా అని. ఆ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేరు. ఒక మనిషి మీద అభిమానం హద్దు దాటితే ఇద్దరికి అన్యాయం జరిగింది. ఒకరికి ఆట పోయింది. ఇంకొకరికి గెలుపులో సంతోషం పోయింది.

ఇంకో కోర్టు

కోర్టు అనే మాటకు ఇంకో అర్థం కూడా ఉంది. న్యాయం చెప్పే చోటును కూడా కోర్టు అనే అంటాం. 1995లో స్టెఫీ కుటుంబానికి ఆ కోర్టు కూడా చూడవలసి వచ్చింది.

ఆటలో స్టెఫీ చాలా డబ్బు సంపాదించింది. బహుమతుల సొమ్మే మొత్తం మీద 2 కోట్ల 18 లక్షల డాలర్లు దాటింది. ప్రకటనల ద్వారా వచ్చింది వేరే. ఆ డబ్బంతా తండ్రే చూసేవాడు. ఎవరితో ఒప్పందం చేసుకోవాలి, ఎంత తీసుకోవాలి, ఎక్కడ దాచాలి, ఇవన్నీ ఆయన పనే. స్టెఫీ పని ఆడటం.

సంపాదించినవాళ్లు అందులో కొంత భాగం ప్రభుత్వానికి పన్ను కట్టాలి. ఆ డబ్బుతోనే రోడ్లు, బడులు, ఆసుపత్రులు నడుస్తాయి. ఈ పన్ను సరిగ్గా కట్టలేదని జర్మనీ అధికారులకు అనుమానం వచ్చింది. 1995లో బ్రూల్‌లోని ఇంట్లో సోదా చేశారు. ఆగస్టులో పీటర్ గ్రాఫ్‌ను అరెస్టు చేశారు. 1997 జనవరిలో మన్‌హైమ్ కోర్టు తీర్పు చెప్పింది. కోటి మార్కులకు పైగా పన్ను ఎగ్గొట్టినట్టు తేలింది. మార్కు అంటే అప్పటి జర్మనీ డబ్బు. తండ్రికి మూడేళ్ల తొమ్మిది నెలల జైలు శిక్ష పడింది.

స్టెఫీని కూడా అధికారులు విచారించారు. చిన్నప్పటి నుంచి డబ్బు వ్యవహారాలు నాన్నకూ సలహాదారులకూ వదిలేశానని ఆమె చెప్పింది. కొంత సొమ్ము కట్టిన తరవాత 1997లో ఆమె మీద విచారణ ఆపేశారు.

13 ఏళ్ల పిల్ల తన డబ్బు లెక్క తండ్రికి వదిలితే ఎవరూ తప్పు పట్టరు. కానీ తండ్రిని అరెస్టు చేసేనాటికి ఆమెకు 26 ఏళ్లు. ఆట కోర్టులో ఒక్క అంగుళం కూడా వదలని మనిషి, తన పేరు మీద ఉన్న లెక్కను మాత్రం చూడలేదు. ఇంట్లోవాళ్లను నమ్మడం మంచిదే. నమ్మడం వేరు, చూసుకోకపోవడం వేరు. పేరు ఎవరిదో బాధ్యత కూడా వాళ్లదే అవుతుంది.

ఆ కష్టకాలంలోనూ స్టెఫీ ఆట ఆపలేదు. తండ్రి జైలులో ఉండగానే 1995 సెప్టెంబరులో అమెరికా పోటీ జరిగింది. చివరి ఆట ఎవరితోనో తెలుసా? మళ్లీ ఆటకు వచ్చిన మోనికా సెలెస్‌తోనే. అప్పటికి ఇద్దరికీ కలిపి నంబర్ వన్ స్థానం ఇచ్చారు. మొదటి సెట్ స్టెఫీది. రెండో సెట్‌లో సెలెస్ ఆమెకు ఒక్క గేమ్ కూడా ఇవ్వలేదు. మూడో సెట్ స్టెఫీ 6-3తో గెలిచింది. 1995లో మూడు, 1996లో మూడు, మొత్తం ఆరు గ్రాండ్‌స్లామ్‌లు ఆ రెండేళ్లలోనే గెలిచింది.

ఆ తరవాత తన డబ్బు వ్యవహారాలు తనే చూసుకోవడం మొదలుపెట్టింది.

చివరి గెలుపు

1997లో మోకాలికి ఆపరేషన్ అయింది. నడుము నొప్పి, పాదం నొప్పి ముందు నుంచీ ఉన్నాయి. నెలల తరబడి ఆడలేకపోయింది. ఇంక స్టెఫీ పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు.

1999లో ఆమె మళ్లీ ఫ్రాన్స్ పోటీకి వెళ్లింది. రెండో స్థానంలో ఉన్న లిండ్సే డావెన్‌పోర్ట్‌ను ఓడించింది. మూడో స్థానంలో ఉన్న సెలెస్‌ను ఓడించింది. జూన్ 5న చివరి ఆటకు వచ్చింది. ఎదుట నంబర్ వన్ మార్టినా హింగిస్. హింగిస్‌కు 18 ఏళ్లు. స్టెఫీకి ఇంకో తొమ్మిది రోజుల్లో 30 నిండుతాయి.

మొదటి సెట్ హింగిస్ గెలిచింది. రెండో సెట్‌లో కూడా ఆమెదే పైచెయ్యి. అప్పుడు ఒక బంతి దగ్గర గొడవ వచ్చింది. బంతి గీత బయట పడిందన్నారు. హింగిస్ ఒప్పుకోలేదు. నెట్ దాటి స్టెఫీ వైపుకు వచ్చి బంతి పడిన గుర్తు చూపించింది. అట్లా రావడం నియమానికి విరుద్ధం. అందుకు ఆమెకు ఒక పాయింటు కోత పడింది. చూసే జనం హింగిస్ మీద కోపంతో అరిచారు. ఆ గొడవలో స్టెఫీ నోరు విప్పలేదు. తన చోటికి వెళ్లి ఆటకు సిద్ధంగా నిలబడింది.

హింగిస్ 5-4 దాకా వచ్చింది. ఇంకొక్క గేమ్ గెలిస్తే కప్పు ఆమెదే. ఆ గేమ్ స్టెఫీ గెలిచింది. తరవాత సెట్ గెలిచింది. మూడో సెట్ 6-2తో గెలిచింది. అది ఆమెకు 22వ గ్రాండ్‌స్లామ్. అదే చివరిది.

ఓడిన హింగిస్ ఏడుస్తూ వెళ్లిపోయింది. తల్లి నచ్చజెప్పి మళ్లీ తీసుకొచ్చింది. ఆ హింగిసే 2015లో మన హైదరాబాద్‌కు చెందిన సానియా మీర్జాతో జత కట్టి వింబుల్డన్ డబుల్స్ కప్పు గెలిచింది. ఒక ఓటమితో జీవితం ఆగిపోదని హింగిస్ కూడా చూపించింది.

1999 ఆగస్టు 13న స్టెఫీ ఆట నుంచి విరమించుకుంది. అప్పటికి ఆమె ప్రపంచంలో మూడో స్థానంలో ఉంది. అంటే ఆడగలిగి ఉండగానే ఆపింది.

ఆట తరవాత

2001లో అమెరికా టెన్నిస్ ఆటగాడు ఆండ్రే అగస్సీని పెళ్లి చేసుకుంది. వాళ్లకు ఇద్దరు పిల్లలు. ఇల్లు అమెరికాలోని లాస్ వెగాస్ నగరంలో.

ఆట ఆపడానికి ముందే, 1998లో, ఆమె ఒక సంస్థ పెట్టింది. దాని పేరు చిల్డ్రన్ ఫర్ టుమారో. రేపటి కోసం పిల్లలు అని అర్థం. యుద్ధాల్లో ఇల్లూ వాకిలీ పోయి భయంతో బతికే పిల్లలు ఉంటారు. వాళ్ల మనసుకు తగిలిన గాయాలకు వైద్యం చేయించడం ఆ సంస్థ పని.

తండ్రి పీటర్ గ్రాఫ్ 2013లో చనిపోయాడు. పిడి కోసిన రాకెట్ చేతికిచ్చి ఆమెకు ఆట నేర్పింది ఆయనే. ఆమెకు తలనొప్పి తెచ్చిపెట్టిందీ ఆయనే. రెండూ నిజమే. ఒకే మనిషి మనకు మేలూ చెయ్యవచ్చు, కీడూ చెయ్యవచ్చు. అందుకే ఎవరి మీద ఎంత ప్రేమ ఉన్నా, మన పేరు మీద ఉన్న కాగితం మనమే చదువుకోవాలి. మన లెక్క మనమే చూసుకోవాలి. టెన్నిస్ రాకెట్ అందరి చేతికీ రాకపోవచ్చు. అక్షరం మాత్రం చేతికి వచ్చింది. దాన్ని వాడుకోవాలి.

మాట్లాడుకుందాం

1. టెన్నిస్ కోర్టులో ఆటగాళ్లు ఒంటరివాళ్లే అని ఎందుకు అన్నారు?
2. స్టెఫీ మొదటి కప్పు గెలవడానికి ఎన్నేళ్లు పట్టింది?
3. సెలెస్‌ను పొడిచినవాడి అభిమానం వల్ల ఎవరెవరికి నష్టం జరిగింది?
4. మీ ఇంట్లో పాస్‌బుక్కు, పట్టా, అప్పు కాగితం ఎవరు చదువుతారు? ఈ వారం మీరు ఒకటి తీసి చదవండి. అందులో ఏం రాసి ఉందో ఇంట్లోవాళ్లకు చెప్పండి.